మాటా కుడి చెయ్యీ ఒకేసారి ఎందుకు పడిపోతాయి?

మా పెదనాన్నకు పక్షవాతం వచ్చిన ఉదయం ఆయన పెరట్లో పళ్లు తోముకుంటున్నారు. కుడి చేతిలోని బ్రష్షు జారిపోయింది. వంగి తీయబోయి అక్కడే కూలబడ్డారు. పెద్దమ్మ వెళ్లి చూసేసరికి మూతి ఒక పక్కకు లాగేసింది. ఏదో అనబోతున్నారు గానీ మాట రావడం లేదు. ఆ తర్వాత పలకరించడానికి వచ్చిన ప్రతి ఒక్కరికీ పెద్దమ్మ ఒకటే చెప్పేవారు: "కుడి చెయ్యి, కుడి కాలు, నోట మాట, మూడూ పడిపోయాయి." వచ్చినవాళ్లలో ఒకావిడ మాత్రం తన మామగారికి ఎడమ పక్క పడిపోయిందనీ, ఆయన చివరిదాకా గలగలా మాట్లాడారనీ అన్నారు. అందరూ అది అదృష్టమనుకున్నారు.

అది అదృష్టం కాదు, మెదడు అమరిక. పదో తరగతిలో మనమందరం ఆ బొమ్మ గీసినవాళ్లమే. మస్తిష్కం, ద్వారగోర్ధం, అనుమస్తిష్కం, మజ్జాముఖం అని బాణాలు పెట్టి పేర్లు రాశాం, మార్కులు తెచ్చుకున్నాం. మెదడు మాత్రం అర్థం కాలేదు. వంటగది, పడకగది, పూజగది అని రాసి ఉన్న ఇంటి ప్లానులా ఒక్కో భాగానికి ఒక్కో పని అప్పగించి ఊరుకుంది ఆ పాఠం. నిజానికి ఏ భాగం ఏం చేస్తుందో వైద్యులు చాలావరకు తెలుసుకున్నది, అది చెడిపోయిన మనిషిలో ఏం ఆగిపోయిందో చూసే. మనమూ ఆ దారినే వెళ్దాం.

ముందుగా కుడి ఎడమల సంగతి. పెద్దవాళ్ల మెదడు సుమారు 1,300 నుంచి 1,400 గ్రాములు ఉంటుంది. అందులో ఎక్కువ భాగం మస్తిష్కమే, అంటే ముడతలు పడి రెండు గోళార్ధాలుగా కనిపించే పెద్దమెదడు. కండరాలను కదిలించమనే ఆదేశాలు అక్కడి నుంచి బయలుదేరి కిందికి దిగుతాయి. వాటిని మోసే నాడీ తంతువుల్లో అత్యధికం మజ్జాముఖం అడుగున, వెన్నుపాము మొదలయ్యే చోట, ఇటువి అటు, అటువి ఇటు దాటిపోతాయి. అందుకే కుడి చెయ్యి పడిపోయిందంటే దెబ్బ తగిలింది ఎడమ గోళార్ధానికి.

ఒక చెవి దగ్గర నుంచి నడినెత్తి మీదుగా ఇంకో చెవి దాకా హెయిర్‌బ్యాండ్ పెట్టుకుంటే అది ఎక్కడ ఆనుతుందో, పుర్రె లోపల సుమారుగా అక్కడే కదలికలను నడిపే పట్టీ ఉంది. దాని వెనకే స్పర్శను అందుకునే పట్టీ. 1930ల్లో మాంట్రియల్‌లో వైల్డర్ పెన్‌ఫీల్డ్ అనే శస్త్రవైద్యుడు మెలకువగా ఉన్న మూర్ఛరోగుల మెదడు మీద చిన్న విద్యుత్ ప్రేరణలు ఇస్తూ ఈ పట్టీల పటం గీశారు. మెదడుకు నొప్పి తెలియదు, కాబట్టి రోగి మాట్లాడుతూనే ఉంటాడు. ఒకచోట తాకితే బొటనవేలు కదిలింది, పక్కన తాకితే పెదవి. ఆ పటంలో చేతివేళ్లకూ మూతికీ నాలుకకూ దక్కిన జాగా చాలా ఎక్కువ. వీపు మొత్తానికీ దక్కింది కొంచెమే. పాదానికి చెందిన ముక్క రెండు గోళార్ధాల మధ్య పగులులోకి, లోపలి గోడ మీదికి వెళ్లిపోయింది. చెయ్యి, ముఖం మాత్రం బయటి వైపు ఉన్నాయి. ఈ చివరి సంగతి గుర్తుంచుకోండి, వెంటనే అవసరం పడుతుంది.

ఇక రక్తం. శరీరం బరువులో మెదడు వాటా 2 శాతమే అయినా అది వాడుకునే ఆక్సిజన్ దాదాపు 20 శాతం. దాచుకునే అలవాటు దానికి లేదు, ఎప్పటికప్పుడు పారుతూ ఉండాల్సిందే. ఆ పారుదలను కాలువల కింద సేద్యంలా ఊహించుకుంటే పక్షవాతం తేలిగ్గా అర్థమవుతుంది. కాలువ పూడిపోతే దాని ఆయకట్టు ఎండిపోతుంది. రక్తం గడ్డ అడ్డుపడి వచ్చే పక్షవాతం ఇదే, ఎక్కువమందికి వచ్చేదీ ఇదే. కాలువకు గండి పడితే పొలం మునిగిపోతుంది. రక్తనాళం చిట్లి వచ్చే పక్షవాతం అది. పైకి రెండూ ఒకేలా కనిపిస్తాయి. గడ్డను కరిగించే మందును సాధారణంగా నాలుగున్నర గంటల లోపే ఇవ్వాలి, గండి పడిన మనిషికి అదే మందు ఇస్తే ప్రాణం తీస్తుంది. ఆస్పత్రిలో అడుగు పెట్టగానే అన్నిటికన్నా ముందు స్కానింగ్‌కు పరుగెత్తించేది అందుకే.

ఆయకట్టు హద్దులు ఊరి పొలిమేరలను బట్టి ఉండవు కదా. మెదడులోనూ అంతే. మధ్య మస్తిష్క ధమని అనే పెద్ద కాలువ గోళార్ధం బయటి గోడనంతా తడుపుతుంది. ఎడమ వైపు దాని ఆయకట్టులో ముఖాన్నీ కుడి చేతినీ కదిలించే పట్టీ ఉంది, మాటకు సంబంధించిన ప్రాంతాలూ ఉన్నాయి. మాటకూ కుడి చేతికీ ఉన్న బంధుత్వం ప్రధానంగా ఒకే కాలువ నీరు తాగడమే. పాదం ముక్క లోపలి గోడ మీద ఉంది కనుక దానికి నీరందించే కాలువ వేరు. పక్షవాతం వచ్చినవాళ్లలో చాలామంది కొన్ని నెలలకు కాలీడుస్తూనైనా నడుస్తారు గానీ, చెయ్యి మాత్రం ఛాతీకి ముడుచుకునే ఉండిపోతుంది. దానికి ఒక కారణం ఇదే. పెదనాన్న మూడో నెలలో కర్ర పట్టుకుని వీధి చివరిదాకా వెళ్లారు. చొక్కా గుండీలు మాత్రం ఈనాటికీ పెద్దమ్మే పెడతారు.

మాట సంగతి మొదట తేలింది పారిస్‌లో. అక్కడి ఒక ఆస్పత్రిలో లెబోర్న్ అనే రోగి ఏళ్ల తరబడి "టాన్, టాన్" అన్న ఒక్క అక్షరం తప్ప పలకలేకపోయాడు. ఎదుటివాళ్లు చెప్పేది అతనికి అర్థమయ్యేది. కోపం ముంచుకొచ్చినప్పుడు మాత్రం ఒక తిట్టు స్పష్టంగా బయటపడేది. 1861లో అతను చనిపోయాక పాల్ బ్రోకా అనే వైద్యుడు మెదడును పరీక్షించి, ఎడమ నుదుటి లంబిక, అంటే గోళార్ధంలో నుదుటి వెనకుండే భాగం, దాని కింది వైపు దెబ్బను గుర్తించారు. ఇప్పుడు ఆ చోటికి ఆయన పేరే ఉంది. 1874లో కార్ల్ వెర్నికే అనే 26 ఏళ్ల వైద్యుడు దీనికి తలకిందులైన స్థితిని వర్ణించారు. దెబ్బ ఇంకాస్త వెనక, చెవికి దగ్గరగా ఎడమ కణత లంబికలో తగిలితే మాట ధారాళంగానే వస్తుంది, రాగం, విరుపు అన్నీ ఉంటాయి, అర్థమే ఉండదు. ఎదుటివాళ్లు చెప్పేదీ ఎక్కదు. చెయ్యి, కాలు బాగానే ఉండి ఇలా మాట్లాడే మనిషిని చూసి ఇంట్లోవాళ్లు మతి చలించిందనుకుంటారు. పక్షవాతమన్న ఊహే రాదు.

కుడిచేతి వాటం వాళ్లలో నూటికి 95 మందికి భాష ఎడమ గోళార్ధంలోనే ఉంటుంది. ఎడమచేతి వాటం వాళ్లలోనూ 70 మంది దాకా అంతే. అలాగని ఎడమ మెదడు లెక్కలదీ, కుడి మెదడు కళలదీ అని వారాంతపు శిక్షణ తరగతుల్లో చెప్పే కబుర్లు నమ్మకండి. రెండు గోళార్ధాల మధ్య సుమారు 20 కోట్ల తంతువుల వంతెన ఉంది, ఏ పనైనా అటూ ఇటూ తిరుగుతూనే ఉంటుంది. మాటలోనే చూడండి. పెదనాన్న "నీళ్లు" అనలేకపోయిన రోజుల్లో, చిన్నప్పుడు బట్టీ పట్టిన రెండో ఎక్కం మొదలుపెట్టిస్తే ఇరవై దాకా వెళ్లిపోయేవారు. పాట అందిస్తే పదాలు వాటంతట అవే వచ్చేవి. మేం మొదట నటిస్తున్నారేమోనని కూడా అనుకున్నాం, చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. అలవాటుగా నోట నానిన మాటలకూ, రాగంతో కలిసి వచ్చే మాటలకూ కుడి గోళార్ధమూ లోపలి భాగాలూ ఆసరా ఇస్తాయి. అప్పటికప్పుడు పదం వెతికి వాక్యం కట్టడానికే ఎడమ వైపు కావాలి. లెబోర్న్ తిట్టు రహస్యమూ ఇదే.

గలగలా మాట్లాడిన ఆ మామగారి విషయానికి వస్తే, కుడి గోళార్ధం దెబ్బతిన్నవాళ్ల కష్టం బయటికి కనిపించదు. ముఖ్యంగా వెనక పక్కనున్న పార్శ్వ లంబిక పోతే, కొందరికి ప్రపంచంలో ఎడమ సగమే లేకుండా పోతుంది. చూపు పోదు, పట్టింపు పోతుంది. కంచంలో కుడి పక్క అన్నం తిని లేస్తారు, కంచం తిప్పి పెడితే మిగిలింది తింటారు. గడ్డం ఒక చెంపకే గీసుకుంటారు. పడిపోయిన ఎడమ చెయ్యి తనది కాదనేవాళ్లూ ఉన్నారు. 1978లో ఇటలీలోని మిలాన్‌లో బిసియాక్, లుజాత్తి అనే పరిశోధకులు ఇలాంటి రోగులను ఊళ్లోని పెద్ద చర్చి ముందున్న కూడలిని ఊహించుకుని వర్ణించమన్నారు. చర్చికి ఎదురుగా నిలబడినట్టు ఊహించినప్పుడు కుడి పక్క భవనాలే చెప్పారు. చర్చి మెట్ల మీద నుంచి ఇటు చూస్తున్నట్టు ఊహించమంటే, ఇందాక వదిలేసినవన్నీ చెప్పి, ఇందాక చెప్పినవి వదిలేశారు. జ్ఞాపకంలో కూడలి మొత్తం ఉంది. ఎడమ వైపు తిరిగి చూసే మనసే లేదు. కుడి గోళార్ధం రెండు పక్కలనూ కనిపెట్టుకుని ఉంటుందనీ, ఎడమది ఎక్కువగా కుడి పక్కనే చూసుకుంటుందనీ ఒక వివరణ. అందుకే ఎడమది పోయినా కుడిది కాపాడుతుంది, కుడిది పోతే ఆదుకునేవాళ్లు లేరు.

చూపు అందుకునే చోటు కళ్లకు చాలా దూరంగా, తల వెనక, పశ్చకపాల లంబికలో ఉంది. తల వెనక దెబ్బ తగిలితే కళ్ల ముందు చుక్కలు కనిపించేది అందుకే. దీని పటం యుద్ధంలో దొరికింది. 1904-05 నాటి రష్యా, జపాన్ యుద్ధంలో తుపాకి గుళ్లు పుర్రెలోంచి దూసుకుపోయినా బతికిన సైనికులను తత్సుజీ ఇనోయే అనే జపాన్ కంటివైద్యుడు పరీక్షించి, ఏ చోట గాయమైతే చూపులో ఏ ముక్క చీకటవుతుందో లెక్కగట్టారు. నుదుటి లంబిక గురించి రాసే ప్రతివాళ్లూ 1848లో ఇనుప గడ్డపార తలలోంచి దూసుకెళ్లినా బతికిన అమెరికా రైలుమార్గపు మేస్త్రీ ఫినియస్ గేజ్ కథ చెబుతారు. నెమ్మదస్తుడు నోటి దురుసు మనిషిగా మారిపోయాడని. మారిన మాట నిజమే. కానీ అతను తర్వాత చిలీ దేశంలో ఏళ్లపాటు గుర్రపుబండి తోలుకుని బతికాడన్న సంగతి ఆ కథలో సాధారణంగా ఉండదు. ఆచితూచి నిర్ణయించుకోవడం, కోపాన్ని దిగమింగడం నుదుటి వెనక భాగాల పనే అయినా, అవి చెడిపోయిన మనిషి కొత్త అలవాట్లతో కొంత సర్దుకోగలడు.

జ్ఞాపకం గురించి మనకు తెలిసినదానిలో చాలా భాగం ఒకే ఒక్క మనిషి పుణ్యం. 1953లో అమెరికాలోని హార్ట్‌ఫర్డ్‌లో 27 ఏళ్ల హెన్రీ మొలైసన్‌కు మూర్ఛ తగ్గించడానికి కణత లంబికల లోపలి భాగాలను రెండు పక్కలా తీసేశారు. హిప్పోక్యాంపస్‌లో ఎక్కువ భాగం అందులో పోయింది. సముద్రగుర్రంలా వంపు తిరిగి ఉంటుందని దానికా పేరు. మూర్ఛ తగ్గింది. ఆ రోజు నుంచి 2008లో చనిపోయేదాకా అతనికి కొత్త సంగతి ఏదీ నిలవలేదు. చిన్నప్పటివి గుర్తున్నాయి, తెలివి చెక్కుచెదరలేదు. బ్రెండా మిల్నర్ అనే శాస్త్రవేత్త అద్దంలో చూస్తూ నక్షత్రం గీసే పని ఇచ్చి మూడు రోజులు చూశారు. చెయ్యి రోజురోజుకూ సాపు తేలింది, అతను మాత్రం ప్రతి రోజూ ఇదే మొదటిసారి అన్నాడు. అంటే తెలిసిన సంగతులకు ఒక దారి, చేతికి అబ్బే విద్యకు ఇంకో దారి. అల్జీమర్స్ జబ్బు తొలిదశలోనే తాకేది ఈ హిప్పోక్యాంపస్ చుట్టుపక్కలనే. 1977 దివిసీమ ఉప్పెన రాత్రిని పూసగుచ్చినట్టు చెప్పే పెద్దాయన పొద్దున తిన్న ఉప్మా తినలేదని గొడవపడటంలో వింత లేదు. పాత జ్ఞాపకాలు అప్పటికే మస్తిష్కం పైపొరలో వేళ్లూనుకుని ఉంటాయి.

మెడ వంపుకు పైన, పెద్దమెదడు కింద నక్కి ఉండే అనుమస్తిష్కాన్ని మనం చిన్నమెదడు అంటాం. పేరు తెచ్చిన చిన్నచూపు అది. 2009లో సుజానా హెర్కులానో-హౌజెల్ అనే బ్రెజిల్ శాస్త్రవేత్త బృందం మెదడు కణజాలాన్ని చారులా కరిగించి నాడీకణాలను లెక్కపెట్టింది. మొత్తం సుమారు 8,600 కోట్లు. అందులో దాదాపు 6,900 కోట్లు, బరువులో పదోవంతు మాత్రమే ఉన్న ఈ చిన్నమెదడులోనే ఉన్నాయి. కదలికను ఇది మొదలుపెట్టదు, కొలత సరిచేస్తుంది. గ్లాసు అందుకోబోతే చెయ్యి దాటిపోవడం, అడుగులు తడబడటం, మాట ముద్దగా రావడం దీని లోపాలు. తాగినవాడి నడక గుర్తొస్తే తప్పు లేదు, మద్యం గట్టిగా పనిచేసే చోట్లలో ఇదొకటి. పెద్దమెదడులా కాకుండా ఇది ఏ పక్కదైతే శరీరంలో ఆ పక్కనే నడిపిస్తుంది. దీనికి పక్షవాతం వస్తే చెయ్యీ కాలూ పడిపోకపోవచ్చు. ఉన్నట్టుండి కళ్లు తిరగడం, వాంతులు, నిలబడలేకపోవడం, అంతే. పైత్యం చేసిందనుకుని నిమ్మరసం ఇచ్చి పడుకోబెడతారు. నాలుగున్నర గంటలూ అలాగే గడిచిపోతాయి.

పెద్దమెదడు అడుగున బేసల్ గ్యాంగ్లియా అనే ముద్దలున్నాయి. ఏ కదలికను వదలాలో, దేన్ని ఆపాలో తేల్చే వాకిలి కాపలా వాటిది. వాటికి డోపమైన్ అనే రసాయనాన్ని అందించే కణాలు మధ్యమెదడులో నల్లటి చారలా కనిపిస్తాయి. అవి సగానికి పైగా చచ్చాకే పార్కిన్సన్ వ్యాధి వణుకూ బిగుతూ బయటపడతాయి. మన ఆయుర్వేదం కంపవాతానికి దూలగొండి గింజలు వాడింది. తాకితే ఒళ్లంతా దురద పుట్టించే ఆ దూలగొండే. 1937లో దామోదరన్, రామస్వామి అనే భారతీయ శాస్త్రవేత్తలు ఆ గింజల నుంచి ఎల్-డోపా అనే పదార్థాన్ని వేరుచేశారు. మెదడులోకి వెళ్లి డోపమైన్‌గా మారేది అదే. 1960ల నుంచి నేటిదాకా పార్కిన్సన్‌కు ప్రధానమైన మందూ అదే. అలాగని గింజలు నూరుకుని తాగమని కాదు. ఎంత మోతాదు లోపలికి వెళ్తుందో తెలియకుండా దానితో ఆడుకోకూడదు.

ద్వారగోర్ధంలోని థాలమస్ గురించి ఒక్క మాట చాలు: వాసన తప్ప మిగతా ఇంద్రియ సమాచారమంతా దాని మీదుగానే పైకి వెళ్తుంది. దాని కింద హైపోథాలమస్, నాలుగు గ్రాముల ముద్ద, ఆకలి, దప్పిక, ఒంటి వేడి చూసుకుంటుంది. జ్వరంలో ఒళ్లు కాలిపోతున్నా చలి అంటూ దుప్పటి అడిగేది అది పెట్టిన కొత్త లెక్కకు వేడి ఇంకా సరిపోలేదని.

అన్నిటికీ అడుగున మెదడు కాండం. మధ్యమెదడు, పాన్స్, మజ్జాముఖం కలిసినది, బొటనవేలంత మందం. ఊపిరి, మింగడం, మెలకువ దీని చేతిలో ఉన్నాయి. పాన్స్ ముందు భాగం దెబ్బతింటే మనిషి పూర్తి స్పృహలో ఉండి, కళ్లు పైకీ కిందికీ కదపడం, రెప్ప వేయడం తప్ప ఏమీ చేయలేని స్థితి వస్తుంది. పత్రికల్లో బ్రెయిన్ డెడ్ అనీ కోమా అనీ ఒకదానికొకటి మార్చి రాస్తుంటారు. అది చిన్న తప్పు కాదు. కోమాలో మెదడు కాండం ఎంతో కొంత బతికే ఉంటుంది, మనిషి తేరుకోవచ్చు. 1994 నాటి మానవ అవయవాల మార్పిడి చట్టం మరణంగా గుర్తించింది మెదడు కాండం శాశ్వతంగా ఆగిపోవడాన్ని. కంటిపాప వెలుతురుకు స్పందిస్తుందా, గొంతులో తాకితే దగ్గు వస్తుందా, వెంటిలేటర్ తీస్తే రక్తంలో బొగ్గుపులుసు వాయువు పెరిగినా ఒక్క ఊపిరైనా తీస్తారా అని నలుగురు వైద్యుల బృందం కనీసం ఆరు గంటల తేడాతో రెండుసార్లు చూస్తుంది. తెలుగు రాష్ట్రాల్లో జీవన్‌దాన్ కింద జరిగే అవయవదానాలకు ఆధారం ఈ పరీక్షలే. గుండె కొట్టుకుంటోంది కదా అని బంధువులు అడుగుతారు, న్యాయమైన ప్రశ్నే. గుండెకు లయ ఇచ్చే కణాలు గుండెలోనే ఉన్నాయి, ఆక్సిజన్ అందుతున్నంతసేపు అది మెదడు లేకుండానే కొట్టుకోగలదు.

ఎండిన ఆయకట్టులో మళ్లీ అవే మొక్కలు మొలవవు. అయితే పక్క పొలాలు కొంత పని నేర్చుకుంటాయి, మొదటి మూడు నెలల్లో మరీ త్వరగా. ఎవరు ఎంత కోలుకుంటారన్నది దెబ్బ పరిమాణం ఒక్కటే తేల్చదు. హైదరాబాద్ నిమ్స్‌లో సువర్ణ అల్లాడి బృందం పక్షవాతం వచ్చిన 608 మందిని పరిశీలించి 2016లో ఫలితాలు ప్రకటించింది. ఆలోచనా శక్తి మామూలుగా నిలిచినవాళ్లు ఒకే భాష వచ్చినవాళ్లలో 19.6 శాతం, ఒకటి కన్నా ఎక్కువ భాషలు వచ్చినవాళ్లలో 40.5 శాతం. తెలుగు, ఉర్దూ, హిందీ వీధిలో కలగలిసే ఊరు కాబట్టి ఈ ప్రశ్న అక్కడ అడగడం కుదిరింది. మాట పడిపోవడంలో మాత్రం ఇద్దరికీ తేడా కనిపించలేదు.

పెదనాన్న రైల్వే ఉద్యోగంలో నాగపూర్‌లో పాతికేళ్లు ఉన్నారు. ఇంట్లో తెలుగు, బయటంతా హిందీ. మాట పడిపోయిన ఏడో వారం ఒక మధ్యాహ్నం పెద్దమ్మ ఎప్పటిలాగే గ్లాసు చూపించి "నీళ్లు అనండి, నీళ్లు" అని పలికిస్తున్నారు. ఆయన చాలాసేపు పెదవులు కదిపి, చివరికి స్పష్టంగా "పానీ" అన్నారు. భాషలన్నీ ఒకేసారి తిరిగి రానక్కర్లేదనీ, దెబ్బకు ముందు ఎక్కువగా వాడిన భాష ముందు రావచ్చనీ ఆల్బర్ట్ పిట్రెస్ అనే ఫ్రెంచి వైద్యుడు 1895లోనే రాశారు. అది పెద్దమ్మకు చెప్పాను. "పాతికేళ్లు ఇంట్లో నాతో మాట్లాడింది లెక్కలోకి రాలేదన్నమాట" అని గ్లాసు ఆయన ఎడమ చేతికి అందించారు.